కనిపించే పసిమి – కనిపించని క్రిమి

పసిబిడ్డ పుట్టిన మూడవ నాడు ఒంటికి పసుపు రంగు తిరిగితే ఇల్లంతా కలవరపడుతుంది. తెలుగు ఇళ్లలో కామెర్లంటారు, ఉర్దూ ఇళ్లలో యర్ఖాన్ అంటారు. పేరేదైనా కంగారు ఒక్కటే. బాలింతకు పథ్యం బిగిస్తారు. ఒకరు పసరు మందు ఏ ఊళ్లో దొరుకుతుందో చెబుతారు, మరొకరు తావీజు తెస్తారు, ఇంకొకరు బిడ్డను ఎండలో పట్టుకొని కూర్చుంటారు. ఈ ఆదుర్దాను మేము పరిహసించడం లేదు. అది ప్రేమలో నుంచి పుట్టినదే. అయితే ఆ ప్రేమ రంగును చూసి మేల్కొంటున్నదే గాని గడియారాన్ని చూసి మేల్కొనడం లేదు. మా ఆవేదన అంతా ఇదే.

నెలలు నిండి పుట్టిన శిశువులలో నూటికి 60 మందికి మొదటి వారంలో ఎంతో కొంత పసిమి కనబడుతుంది. గర్భంలో అవసరమైన ఎర్ర కణాలు పుట్టిన తరువాత త్వరత్వరగా విచ్ఛిన్నమవుతాయి. వాటి నుంచి వెలువడే పసుపు పదార్థాన్ని బయటకు పంపే నేర్పు లేత కాలేయానికి ఇంకా పూర్తిగా అలవడి ఉండదు. అందువల్ల వచ్చే పసిమి చాలామందిలో ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. మొదటి 24 గంటలలోనే పసిమి కనిపించినా, అరచేతులకు అరికాళ్లకు వ్యాపించినా, బిడ్డ పాలు తాగక మగతగా పడివున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పెరటి ఎండ ఆసుపత్రిలోని నీలికాంతి చికిత్సకు సాటి రాదు.

ఇక అసలు విషయానికి వద్దాము. కాలేయాన్ని జీవితాంతం పట్టి పీడించగల హెపటైటిస్ బి వైరస్ ప్రసవ సమయంలో తల్లి రక్తం ద్వారా బిడ్డకు సోకుతుంది. సోకిన నాడు బిడ్డ ఒంట ఏ పసిమీ కనిపించదు. దీనికి కారణమున్నది. ఈ వైరస్ కాలేయ కణాలను నేరుగా చంపదు. దానిని తరిమివేయడానికి మన రక్షక శక్తి చేసే పోరాటంలోనే ఆ కణాలు దెబ్బతింటాయి. పెద్దవారిలో ఆ పోరాటం జరుగుతుంది గనుక కామెర్లు వస్తాయి, చాలామందిలో వైరస్ తొలగిపోతుంది. పసికందు శరీరం శత్రువును శత్రువుగా గుర్తించదు. పోరాటం లేదు, పసిమి లేదు, వైరస్ మాత్రం ఉండిపోతుంది. పెద్ద వయసులో సోకితే నూటికి 5 మంది లోపు వారిలోనే అది స్థిరపడుతుంది, పుట్టుకతో సోకితే నూటికి 90 మందిలో స్థిరపడుతుంది. అలా స్థిరపడిన వారికి చికిత్స అందకపోతే, నలుగురిలో ఒకరి వరకు నడివయసులో కాలేయం గట్టిపడిపోవడం వల్లనో, కాలేయ క్యాన్సర్ వల్లనో మరణిస్తారు. ఆరోగ్యవంతుడైన బిడ్డ పచ్చగా కనబడవచ్చు, ప్రమాదంలో పడిన బిడ్డ నిగనిగలాడుతూ ఉండవచ్చు. రంగును నమ్ముకున్న వారు మోసపోయేది ఇక్కడే.

కొన్నేళ్ల క్రిందట మా వద్ద చదువుకొని వెళ్లిన ఒక అమ్మాయి విషయం చెప్పక తప్పదు. గర్భవతిగా ఉండగా చేసిన రక్తపరీక్షలో ఆమెకు హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది. ఆ కాగితాన్ని ఆమె అత్తగారింట్లో బీరువాలో, చీరల మడతల మధ్య దాచింది. "ఎక్కడి నుంచి తెచ్చుకున్నావని అడిగితే నేనేం చెప్పగలను?" అన్నది ఆమె భయం. కాన్పుకు పుట్టింటికి పోయింది, కాగితం బీరువాలోనే ఉండిపోయింది. కాన్పు జరిగిన చోట ఎవరూ దాని గురించి అడగలేదు. మరునాడు సెలవు, టీకా తరువాత వేయించుకోవచ్చులెమ్మన్నారు. కార్డులో మొదటి గడి ఖాళీగా మిగిలిపోయింది. బిడ్డకు పసిమి కూడా రాలేదని ఇంటిల్లిపాదీ సంతోషించారు. రెండేళ్లు నిండిన తరువాత చేసిన పరీక్షలో బిడ్డ రక్తంలో వైరస్ ఉన్నదని తెలిసింది. అప్పుడు వైద్యులు అమ్మమ్మకు కూడా పరీక్ష చేయించారు. ఆమెలోనూ ఉన్నది!

నడవడికను శంకిస్తారేమోనని ఆ అమ్మాయి కాగితం దాచింది. వైరస్ ఆమెకు తన తల్లి నుంచి వచ్చి ఉంటుందని, అందులో ఆమె తప్పు గాని ఆమె తల్లి తప్పు గాని లేదని చెప్పేవారు ఒక్కరైనా అప్పుడు ఆమెకు లేకపోయారు. ఆమె పుట్టిన నాటికి ఈ టీకా ప్రభుత్వ పట్టికలో లేదు. తల్లికి లేని రక్షణ బిడ్డకు ఉండి కూడా అందలేదు. మా మనసును కలచివేసినది ఇదే.

ఈ గొలుసును తెంచడం సాధ్యమేనా అని సందేహించే వారికి తైవాన్ ద్వీపమే సమాధానం. ఒకప్పుడు ఈ వైరస్ అక్కడ ఇంటింటా ఉండేది. 1984లో వ్యాధిగ్రస్తులైన తల్లుల బిడ్డలకు పుట్టగానే టీకా వేయడం ఆరంభించారు, 1986 నాటికి శిశువులందరికీ విస్తరింపజేశారు. ఆ తరం పిల్లలలో వైరస్ తగ్గింది, దానితోబాటు పిల్లల కాలేయ క్యాన్సర్ కూడా తగ్గింది. టీకాతో ఒక క్యాన్సర్‌ను నివారించవచ్చునని లోకానికి అక్కడ రుజువైనది.

అంత దూరం పోనక్కరలేదు. విదేశీ టీకా ధర సామాన్యునికి అందని రోజుల్లో, 1997లో, మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ భారతదేశపు తొలి స్వదేశీ హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. దాని స్థాపకులు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఆ సంస్థకు తమ తల్లిగారి పేరు పెట్టుకున్నారు. పెట్టుబడి దొరకని ఆ కాలంలో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ ఆదుకున్నారు. ప్రభుత్వ కార్యక్రమం 2007–08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. అయినా 2022లో మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. టీకా మన వాకిట్లో తయారైనది, మన గడప దాటి లోపలికి రావలసి ఉన్నది.

పుట్టిన 24 గంటలలోగా బిడ్డకు హెపటైటిస్ బి టీకా పడాలి. తరువాత 6, 10, 14 వారాలకు వేసే అయిదు వ్యాధుల టీకాలో ఇదీ కలిసి ఉంటుంది. ఆ మూడు వేయిస్తున్నాము గదా అని మొదటి దానిని వదలరాదు. తల్లి నుంచి వచ్చే వైరస్‌ను తొలి గడియలలో అడ్డుకొనేది అదొక్కటే. తల్లికి వ్యాధి ఉన్నట్టు తెలిస్తే టీకాతోబాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా వేయిస్తారు. తల్లి రక్తంలో వైరస్ అధికంగా ఉంటే గర్భిణిగా ఉండగానే మాత్రలు ఇస్తారు. ఈ రక్షణ పొందిన బిడ్డకు తల్లి నిస్సంకోచంగా పాలివ్వవచ్చు. మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. అజాన్‌కు రేపు అనము గదా! ఈ సూదికి మాత్రం రేపు అని ఎందుకు అనాలి?

రంగు నిజం చెప్పే సందర్భం కూడా ఒకటున్నది. రెండు వారాలు దాటినా పసిమి వీడకపోతే, మూత్రం గుడ్డకు పచ్చని మరక వేస్తుంటే, మలం సుద్దవలె తెల్లబడితే అది లేత కాలేయపు ఆర్తనాదమని గ్రహించాలి. గర్భంలోనే సోకే సైటోమెగలో వంటి వైరస్‌ల వల్ల కావచ్చు, పైత్యరస నాళాలు మూసుకుపోవడం వల్ల కావచ్చు. నాళాలు మూసుకుపోయిన బిడ్డలకు జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ కనిపెట్టిన శస్త్రచికిత్స 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. తైవాన్‌లో 2004 నుంచి మలం రంగులు ముద్రించిన పట్టికను ప్రతి తల్లికీ ఇస్తున్నారు. మన ఇళ్లలోనైతే చిల్లా గడిచేదాకా, అంటే 40 రోజులు, బిడ్డను గడప దాటించరు. ఆచారాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చిల్లా తల్లికి విశ్రాంతి కోసం ఏర్పడినది, వైద్యాన్ని ఆపడానికి కాదు. 40వ నాడు స్నానం చేయించి ఆసుపత్రికి బయలుదేరితే, ఉన్న గడువులో మూడింట రెండు వంతులు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో చాలామంది త్వరలో తల్లిదండ్రులవుతారు, అంతకు ముందే అక్కకో వదినకో కాన్పు సమయంలో తోడుగా ఉంటారు. ఇంట్లో రక్తపరీక్ష కాగితం చదవగలిగిన వారు మీరే. దానిని చదవండి, కాన్పు జరిగే చోటికి చేర్చండి, కార్డులో మొదటి గడి నిండిందా అని మీరే చూడండి. ఈ మాటను ఉర్దూ విభాగపు విద్యార్థులు తమ అమ్మీలకు, నానీలకు వారి భాషలో చెప్పాలి. అన్నింటికంటే ముందు, ఆ కాగితం చూపిన ఆడబిడ్డను "ఎక్కడి నుంచి తెచ్చుకున్నావు?" అని అడిగే నోటిని మూయించండి. ఆ ప్రశ్న లేని ఇంట్లో ఆ కాగితం బీరువాలో ఉండదు.