అతిథి వస్తే ఇంటివాడు వెళ్ళిపోవాలా?

యంత్రాన్ని మానవుడే నిర్మించాడు. అయినా ఆ యంత్రం మొరాయించినప్పుడు దాని ముందు కూర్చున్న మానవుడే దోషివలె తల వంచుకొంటున్నాడు. గత సంవత్సరం మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ నాలుగు మాటలు వ్రాయడానికి నన్ను ప్రేరేపించింది.

వేల్పూరు నుండి బస్సులో వచ్చే ఒక విద్యార్థిని తన అన్న ల్యాప్‌టాప్‌ను అడిగి తెచ్చుకొన్నది. ఆమె సెమినారు వ్యాసం అందులోనే ఉన్నది. మూత తెరచి టచ్‌ప్యాడ్‌పై ఎంతసేపు వేలు కదిపినా తెరమీది బాణం కదలలేదు. "సార్, మిషన్ ఖరాబైంది. మా అన్నకు ఏమని చెప్పాలె?" అంటూ కంటతడి పెట్టుకొన్నది. నేను కూడ చూసి, "అవునమ్మా, చెడిపోయినట్లే ఉన్నది" అన్నాను. మరమ్మతు దుకాణంలో టచ్‌ప్యాడే మార్చాలన్నారు. వారు చెప్పిన ఖర్చు విని ఆ బాలిక మారుమాటాడక తిరిగివచ్చింది.

మరునాడు ఆమె సహాధ్యాయి ఒకడు ల్యాప్‌టాప్ ప్రక్కన గోరంత వస్తువు గుచ్చి ఉండడం గమనించాడు. అది తీగలేని మౌస్‌కు చెందిన రిసీవర్. మౌస్ మాత్రం అన్నగారి బల్లమీదనే ఉండిపోయింది. రిసీవర్‌ను చూసి, మౌస్ వచ్చిందని భావించిన ల్యాప్‌టాప్ తన టచ్‌ప్యాడ్‌ను నిద్రపుచ్చింది. దానిని ఊడదీయగానే బాణం కదిలింది. ఎం.ఏ. పట్టా పొందిన నేను ఆనాడు ఒక విద్యార్థి ముందు పాఠం నేర్చుకొన్నాను.

యంత్రం ఇట్లా ప్రవర్తించడానికి కారణం లేకపోలేదు. టైపు చేసేటప్పుడు అరచేయి టచ్‌ప్యాడ్‌కు తగిలితే బాణం ఎక్కడికో దుముకుతుంది. ఆ చిక్కు తప్పించడానికే, మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్‌ను ఆపివేసే ఏర్పాటు చేశారు. ఏర్పాటు మంచిదే. కాని యజమాని ఎరుగకుండా అది అమలు కావడమే అనర్థం. అతిథి వచ్చాడని ఇంటివానిని బయటికి పంపే మర్యాద మన ఊళ్ళలో ఎక్కడైనా ఉన్నదా?

ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదం వ్యర్థం. మౌస్ పెద్దది. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనను బిల్ ఇంగ్లిష్ 1964లో కొయ్యపెట్టె రూపంలో తయారుచేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని లోకానికి చూపారు. టచ్‌ప్యాడ్ చిన్నది. 1994లో ఆపిల్ సంస్థ పవర్‌బుక్‌తో అది ప్రచారంలోకి వచ్చింది. టచ్‌ప్యాడ్ వేలి విద్యుత్ స్పర్శను గ్రహిస్తుంది గనుక తడిచేతికి సరిగా లొంగదు. మౌస్ అడుగున వెలుగు ప్రసరింపజేసి కదలికను గుర్తిస్తుంది గనుక గాజుబల్లమీద తడబడుతుంది. ఒకదాని లోటును మరొకటి తీరుస్తున్నది.

బస్సులో, ఒడిలో టచ్‌ప్యాడే దిక్కు. ఎడమనుండి సాగే తెలుగు, కుడినుండి సాగే ఉర్దూ ఒకే పుటలో కలిసినప్పుడు ఒక్క పదాన్ని ఎంచుకోవాలంటే మౌస్ మేలని ఇటువంటి సంచికలకు పని చేసినవారందరికీ తెలుసు. 2018 నుండి మన రాష్ట్రంలో ఎంసెట్ కంప్యూటర్‌మీదనే జరుగుతున్నది. నేడు దాని పేరు ఈఏపీసెట్. ఆ పరీక్షాగదిలో చేతికి అందేది మౌస్. సెల్‌ఫోను తెరమీద మాత్రమే వేలు నడిపిన బీద విద్యార్థి అక్కడ తడబడితే ఆ లోపం ఎవరిది? "గందరగోళం లేకుండా ఏదో ఒకటే ఉంచుదాం" అనే పెద్దలకు నా మనవి ఇదే: రెండూ ఉండాలి, రెంటినీ నేర్పాలి.

ఉపాయం సులభం. బాణం కదలకపోతే మొదట రిసీవర్ ఏదైనా గుచ్చి ఉన్నదేమో చూడాలి. పిదప టచ్‌ప్యాడ్ గుర్తు ఉన్న మీటను ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కి చూడాలి. రెండూ కలిసి పనిచేయాలంటే విండోస్ మీట నొక్కి, టచ్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైపు చేసి, సెట్టింగును తెరవాలి. మౌస్ ఉన్నప్పుడు కూడ టచ్‌ప్యాడ్‌ను పనిచేయనివ్వుమనే గడిలో టిక్కు పెట్టాలి. బాణం లేకున్నా ట్యాబ్ మీటతో అక్కడికి చేరి స్పేస్ మీటతో టిక్కు పెట్టవచ్చును. ఇందుకు పైసా ఖర్చు లేదు.

వేల్పూరు 2001లో బాలకార్మికులు లేని మండలంగా ప్రకటింపబడి పేరు గాంచింది. పిల్లవానిని బడికి చేర్చడం ఆనాటి విజయం. బడికి చేరినవాడు యంత్రం ముందు భయపడకుండా చేయడం నేటి ఉపాధ్యాయుల కర్తవ్యం. విద్యార్థులారా! బాణం ఆగిపోతే తప్పు మీదే అనుకోకండి. నాకు తెలియదని చెప్పడానికి నావంటి గురువులు కూడ సిగ్గుపడకుందురు గాక!