ఖాళీ వలను నిందించని ప్రభువు

చేపల వేటకు వెళ్తున్నట్టు పేతురు చెప్పగానే ఆరుగురు స్నేహితులు అతనితో బయలుదేరారు. తోమా, కానా ఊరివాడైన నతనయేలు, జెబెదయి కుమారులిద్దరు, పేర్లు రాయని మరో ఇద్దరు. తిబెరియ సముద్రంలో ఆ రాత్రంతా ఏడుగురూ శ్రమించారు. ఒక్క చేపా పడలేదు. యోహాను సువార్త 21వ అధ్యాయంలోని ఈ ఉదంతం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. పేతురు పిలుపును వదిలేసి పాత బతుక్కి తిరిగిపోయాడనీ, అందుకే వల ఖాళీగా వచ్చిందనీ చాలామంది బోధకులు చెబుతుంటారు. కాని సువార్తికుడు మోపని నిందను మనమెందుకు మోపాలి? పునరుత్థానుడైన యేసుప్రభువే ఆ ఉదయం వారిని ఒక్క మాటా అననప్పుడు, తీర్పు తీర్చడానికి మనమెవరం?

రాత్రి వేట సరదా కాదు, కూటి కోసం పడే పాట్లు. ఆనాటి నార వలలు పగటి వెలుగులో చేపలకు కనబడతాయి గనుక గలిలయ జాలరులు చీకట్లో వేటాడి, ఉదయం వలలు కడిగి ఆరబెట్టుకునేవారు. 1986లో కరవు వల్ల గలిలయ సముద్రంలో నీరు తగ్గినప్పుడు బురదలో ఒక పురాతన పడవ బయటపడింది. అది దాదాపు యేసుప్రభువు కాలం నాటిదని పరిశోధకులు తేల్చారు. పొడవు సుమారు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. రకరకాల చెక్క ముక్కలతో అతుకులు వేసి, మళ్లీ మళ్లీ బాగుచేసి వాడిన పడవ అది. పేతురు స్నేహితులు కూడా బహుశా అలాంటి పడవలోనే రాత్రంతా చలికీ గాలికీ ఓర్చుకుని ఉంటారు.

నారాయణఖేడ్ ప్రాంతంలో ఉండే మనకు సముద్రం చాలా దూరం. అయినా ఖాళీ వల మనకు తెలియనిది కాదు. ఎగువన సింగూరు, దిగువన నిజాంసాగర్, మధ్యలో మంజీర. సాయంత్రం వల కట్టి, తెల్లవారకముందే తీసే ముదిరాజ్, గంగపుత్ర సోదరులను అడిగితే చెబుతారు. రవ్వలు, బొచ్చెలు బరువుగా పడే రోజూ ఉంటుంది, నాచు తప్ప ఏమీ రాని రోజూ ఉంటుంది. ఏమీ రాకపోతే ఏ పాపం చేశావని వాళ్లు ఒకరినొకరు అడగరు. నీళ్లు తగ్గాయనో, గాలి తిరిగిందనో అనుకుని, సాయంత్రం కలిసి మళ్లీ వెళ్తారు. ఆ పాటి వివేకం మన సంఘాల్లో కనబడుతోందా?

మన ఆరాధనల్లో సాక్ష్యం చెప్పే అవకాశం సాధారణంగా వల నిండినవారికే దక్కుతుంది. ఉద్యోగం వచ్చినవారు, ఇల్లు కట్టినవారు, రోగం తగ్గినవారు ముందుకొస్తారు. సంతోషమే! కాని పత్తి ఎండిపోయి అప్పు మిగిలిన రైతు వెనుక వరుసలో తలవంచుకుని కూర్చుంటాడు. విశ్వాసం చాలలేదని ఎవరో ఒకరు అంటారన్న భయంతో కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. మన తండాల నుంచి చెరకు నరకడానికి పిల్లాపాపలతో వలసపోయే కుటుంబాలదీ అదే స్థితి. కోస్తాలోనూ అంతే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలసవెళ్లిన మత్స్యకారులు 2018 నవంబరులో సముద్రంలో వేటాడుతూ పాకిస్థాన్ అధికారులకు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర విడుదలయ్యారు. అన్ని నెలలు వారి ఇళ్లలో పొయ్యి వెలిగించిన ఆడవారికి కావలసింది తీర్పా, తోడా?

ప్రభువు ఏం చేశాడో చూడండి. తెల్లవారుతుండగా ఒడ్డున నిలబడి, పడవకు కుడివైపున వల వేయమన్నాడు. 153 పెద్ద చేపలు పడ్డాయి. ఆ సంఖ్యలోని మర్మం కోసం పండితులు ఎంతో రాశారు. జాలరికి మాత్రం లెక్క ఎందుకో తెలుసు. కలిసి వేటాడినవారు పాళ్లు పంచుకోవాలంటే లెక్కపెట్టుకోవాలి కదా! అంతకన్నా గొప్ప సంగతి మరొకటుంది. వారు ఒడ్డు చేరేసరికే నిప్పుల మీద చేప కాలుతోంది, రొట్టె సిద్ధంగా ఉంది. అంటే వల నిండకపోయినా వారికి భోజనం ఉండేది. అయినా వారు పట్టిన చేపల్లో కొన్ని తెమ్మని అడిగి, వారి శ్రమను కూడా గౌరవించాడు. నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న పేతురుకు ఎదురైంది కడుపు నిండిన తర్వాతే. ముందు అన్నం, తర్వాతే ఉపదేశం. ఇదీ ప్రభువు వరుస!

ఆ వరుస మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి నిర్మాణం కరవు కాలంలో ఆకలితో ఉన్నవారికి పనీ తిండీ ఇచ్చిందని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆ గోపురాన్ని చూసి గర్వించే మనం, దాని నీడలో అన్నం తిన్నవారిని మరచిపోకూడదు.

అందుకే ఈసారి కోతల పండుగకు పంట తెచ్చినవారితో పాటు పంట పోయినవారినీ ముందు వరుసలో కూర్చోబెడదాం. వలసపోయినవారి ఇళ్లలో ఒంటరిగా మిగిలిన ముసలివారి తలుపు తడదాం. కారణాలు వెతకొద్దు, వచనాలు అప్పజెప్పొద్దు. పేతురు స్నేహితులు అతనికి బోధ చేయలేదు, పడవ ఎక్కి పక్కన కూర్చున్నారు. ఆ రాత్రి వారు చేపలు పట్టలేకపోయారు గాని స్నేహితుణ్ణి ఒంటరిగా వదల్లేదు. తెల్లవారాక ప్రభువు ఒడ్డున కనబడింది కూడా ఆ ఏడుగురికీ కలిపే!