స్థూలకాయులను నిందింపవద్దు

"నోరు కట్టుకో, అన్నీ సర్దుకొనును" - స్థూలకాయులకు మన ఇండ్లలో ఉచితముగా లభించు వైద్యము ఇదియే. పెండ్లి పంక్తిలో కూర్చున్న ఆడపిల్ల విస్తరి వంక బంధువులు చూచు చూపు దానికి అనుపానము. ఈ మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. కాని దీనివలన జరుగుచున్న చెరుపు చాల ఎక్కువ.

చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థౌల్యమునకు కారణములు చెప్పుచు, అతిభోజనము, పగటినిద్ర, వ్యాయామము లేకుండుట మొదలగువానితో బీజస్వభావమును కూడ చేర్చినాడు. మేదస్సు మార్గములను అడ్డగింపగా వాయువు కోష్ఠమున చేరి జఠరాగ్నిని రగుల్చుననియు, అందుచే స్థూలునకు ఆకలి అధికమగుననియు ఆయన వివరణ. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొన్నది. కొవ్వు కణములే దీనిని స్రవించి, నిలువ చాలునని మెదడునకు కబురంపును. పలువురు స్థూలకాయులలో ఈ హార్మోను సమృద్ధిగా నున్నను మెదడు దానిని లెక్కచేయదు. ఈ రెండును ఒకటేయని నేను వాదింపను. అట్టి వాదములు మన శాస్త్రమునకు గౌరవము తేవు. అయినను, ఆకలి కేవలము మనోనిగ్రహమునకు సంబంధించినది కాదని రెండు వైపులనుండియు తెలియుచున్నది.

ముప్పది ఏండ్ల క్రిందట ఒక గృహిణిచే రెండు నెలలు లంఘనము, ఉద్వర్తనము చేయించి త్రిఫలా చూర్ణము ఇచ్చితిని. బరువు తగ్గలేదు. చాటుగా తినుచున్నదని ఆమె అత్తగారు అన్నది, నేనును నమ్మితిని. పొడిబారిన చర్మము, మలబద్ధము, వేసవిలోను చలి, మందముగా నడచు నాడి - అన్నియు నా కన్నుల ఎదుటనే ఉన్నవి. తుదకు రక్తపరీక్షలో థైరాయిడ్ లోపమని తేలినది. ఆమె చాటుగా ఏమియు తినలేదు.

అప్పటినుండి చూర్ణము కంటె ముందు పరీక్ష వ్రాయుచున్నాను. ఋతుక్రమము తప్పి గడ్డమున వెంట్రుకలు వచ్చు యువతులలో పి.సి.ఓ.ఎస్. ఉండవచ్చును. ముఖము గుండ్రమై, పొట్టపై ఊదారంగు చారలు ఏర్పడినచో కార్టిసాల్ సంగతి చూడవలెను. ఇచ్చట మావారు సిగ్గుపడవలసినది ఒకటి కలదు: కీళ్ళనొప్పులకు, ఆయాసమునకు చీటీ లేని పొట్లములలో అమ్ము కొన్ని చూర్ణములలో స్టెరాయిడ్ బయటపడినది. అట్టిది చాలకాలము వాడినవారు తటాలున మానరాదు. డాక్టరు పర్యవేక్షణలోనే మానవలెను.

అయితే గ్రంథిలోపము లేని స్థూలకాయులే అధికులు. థైరాయిడ్ సరిగా నున్నవారు సన్నబడుటకై ఆ మాత్రలు మ్రింగినచో గుండెదడ, ఎముకల బలహీనత తప్పవు. మగవారికి నడుము 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినప్పుడే జాగ్రత్తపడవలెను. కడుపు నిండి, పోషణ మితముగా నుండు ఆహారమునే చరకుడు విధించినాడు: యవలు, పెసలు, ఉలవలు, మజ్జిగ. మీగడ తేల్చి విందులలో వడ్డించు ఉలవచారు ఈ లెక్కలోనికి రాదు!

ప్రేగులలోని హార్మోనును పోలిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షను 2025లో స్థూలకాయ చికిత్సకై మన దేశమునకు వచ్చినది. మానినచో బరువు చాలవరకు తిరిగి వచ్చుచున్నది, వచ్చిన క్రొత్తలో ఖరీదును అధికముగనే ఉండెను. అయినను అవసరమైనవారికి దానిని నేను కాదనను. మధుమేహమునకు మాత్రలు, ఇన్సులిన్ వాడువారు మాత్రము, ఇంజెక్షనైనను లంఘనమైనను, తమ డాక్టరుకు చెప్పకుండ ఆరంభింపరాదు, చక్కెర పడిపోవచ్చును.