గుమాస్తాకు సెలవు, మరి సేటుకు?

జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి రాత్రీ పగలూ తేడా లేదు. పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలు షిఫ్టుల మీద నడుస్తాయి. తెల్లారకముందే డ్యూటీకి పోయేవాళ్లకు టిఫిన్ కావాలి, రాత్రి దిగినవాళ్లకు పాలప్యాకెట్ కావాలి. బాదేపల్లి మార్కెట్ యార్డుకు పల్లికాయ, మక్కలు వచ్చే రోజుల్లోనైతే బజారుకు ఊపిరాడదు. ఇట్లాంటి ఊళ్లో షట్టర్ ఎప్పుడు దించాలన్నది చిన్న దుకాణదారు చేతిలో ఉండదు. ‘గిరాకీ ఉంది కదా, ఇంకేం కావాలె’ అంటారు చూసేవాళ్లు. గల్లా దగ్గర కూర్చున్న సేటు లోలోపల ఎంత అలిసిపోతున్నాడో వాళ్లకు కనిపించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘బర్నవుట్’కు నిర్వచనం ఇచ్చింది. అది జబ్బు కాదు, పనిచోట తెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, పని చేతకావడం లేదన్న దిగులు దాని గుర్తులు. మొదటిది మన సేట్లకు పనికిరాదు. అలసిపోని దుకాణదారు ఎక్కడున్నాడు గనుక? పట్టిచ్చేది రెండోదే. షాంపూ ప్యాకెట్ కోసం వచ్చిన పిల్లవాడిని కసురుకుంటాడు. పై అరలో ఉన్న సరుకును లేచి తీయబుద్ధికాక ‘అయిపోయింది’ అంటాడు. గిరాకీ మీద బతికేవాడికి గిరాకీ వస్తేనే చిరాకు పుడుతోందంటే ఆలోచించాల్సిందే. మూడోది ఉద్దెర పుస్తకంలో కనిపిస్తుంది. ‘రేపు రాద్దాంలే’ అని వదిలేసిన పద్దులు పేరుకుపోయి, ఎవరు ఏం పట్టుకుపోయారో తనకే గుర్తుండదు.

నన్నడిగితే మనిషిని తినేది కూర్చునే గంటలకంటే ఈ ఉద్దెరే. పాలమూరు రైతు ఇంట్లోకి డబ్బు నెలనెలా రాదు. పత్తి తీసినంక ఇస్తా, పల్లి అమ్మినంక ఇస్తా అంటాడు. అబద్ధమేమీ కాదు, పంట వస్తే ఇస్తాడు కూడా. కానీ డిస్ట్రిబ్యూటర్ అంతదాకా ఆగడు. చిట్టి, కిరాయి, కరెంటు బిల్లు అసలే ఆగవు. చిన్న పరిశ్రమల బాకీ 45 రోజుల్లో తీర్చాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆ నియమం ఆ పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్ల కోసం. కిలో నూనె ఉద్దెర తీసుకున్న పక్కింటి అత్తమ్మకు వర్తించదు. ఆమెను డబ్బులడగాలి, రేపు బతుకమ్మకాడ మొహం చూడాలి. ఈ మొహమాటమే రాత్రి నిద్రను మింగేది.

కాబట్టి ‘యోగా చేయండి, నవ్వుతూ ఉండండి’ అన్న సలహాతో ఒరిగేదేం లేదు. ఇంటికి ఇంతకుమించి ఉద్దెర లేదని ఒక హద్దు పెట్టుకుని, దాన్ని బంధువుకూ వర్తింపజేస్తే సగం బరువు దిగుతుంది. పుస్తకం ఇంట్లో ఇంకొకరికి అర్థమయ్యేలా ఉండాలి, లేకపోతే జ్వరం వచ్చినా గల్లా దగ్గర తానే కూర్చోవాలి. పన్ను లెక్కల బరువు తగ్గించుకోవాలంటే, ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలుండే వ్యాపారికి జీఎస్టీలో కాంపోజిషన్ పథకం ఉంది: ఒక శాతం పన్ను, చెల్లింపు మూడు నెలలకోసారి. కొన్న సరుకు మీద కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది, నిజమే, లెక్కవేసుకుని చూడాలి. నిద్ర పూర్తిగా పోయి, బతుకు మీదే ఆశ సన్నగిల్లుతుంటే మాత్రం హద్దులూ లెక్కలూ తర్వాత. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక సెలవు సంగతి. 1988 నాటి దుకాణాల చట్టం పనివాడికి వారానికి ఒకరోజు సెలవిచ్చింది. గుమాస్తాను పెట్టుకునే స్తోమత లేక తానే మూటలెత్తి, తానే తూకం వేసే యజమాని అలసట ఆ లెక్కలోకి రాలేదు. పైగా 2023లో రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు 24 గంటలూ తెరుచుకునే వీలు కల్పించింది. పెద్ద మాల్‌కు అది లాభం, మూడు షిఫ్టులకు మనుషులను పెడుతుంది. చిన్న సేటుకు మూడు షిఫ్టులూ తానే.

ఒక్కడు ఆదివారం మధ్యాహ్నం మూస్తే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది, మళ్లీ తిరిగి రాకపోవచ్చు కూడా. ఆ భయం వట్టిది కాదు. అందుకే ఇది ఒక్కొక్కరి మనోబలానికి వదిలేసే విషయం కాదు. బజారంతా కలిసి మూస్తే మాత్రం ఉప్పూ పప్పూ కొనేవాళ్లు ముందురోజే కొనుక్కుంటారు. పండుగలకు చందాలు వేసుకునే వర్తక సంఘాలు వారంలో ఒక పూట మూసే తీర్మానం చేయలేవా? మెడికల్ షాపులు, టిఫిన్ సెంటర్లు వంతులు వేసుకోవచ్చు. యార్డుకు సరుకు ఎక్కువగా వచ్చే నెలల్లో ఆ పూట మార్చుకోవచ్చు. ముందు కిరాణా దుకాణాలతో మొదలుపెడితే, ఒక సీజను తిరిగేసరికి అమ్మకాలు తగ్గాయో లేదో ఎవరి గల్లా వాళ్లకే చెబుతుంది.