జీర్ణోద్ధరణ కాదు, సున్నం పూత

పాతబడిన ఇంటిబండికి తెల్లరంగు పూసి, కిటికీలకు కొత్త పరదాలు కట్టి, దానిని 'పునరుద్ధరణ' అని పిలవడం నేడు ఒక ఆచారంగా స్థిరపడింది. చాలా సందర్భాలలో దానికి తగిన పేరు వంచన. మాట కఠినంగా ఉన్నదని మిత్రులు నొచ్చుకోవచ్చు. ఇంతకంటె మెత్తని మాట నాకు దొరకలేదు.

ఇంటిబండి అని నేనంటున్నది మోటార్‌హోమ్‌ను. ఇంజను, డ్రైవరు సీటు, పడక, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఒకే చట్రం మీద అమరిన వాహనం. అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో దీనిని వారం రోజులకు అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళివచ్చినవారు చాలామందే ఉన్నారు. పాతదానిని కొని సొంత చేతులతో బాగుచేసుకునేవారు మాత్రం అరుదు. ఆ వ్యసనం నాకుంది. అందుకే ఈ టపా.

2020లో కోవిడ్ వల్ల విమానాలకూ హోటళ్ళకూ జనం దూరమైనప్పుడు ఇంటిబండ్లకు విపరీతమైన గిరాకీ వచ్చింది. లాగుడుబండ్లతో కలిపి 2021లో అమెరికాలోని తయారీదారులు ఆరు లక్షలకు పైగా బండ్లను అంగళ్ళకు పంపారు. అంతకుముందెన్నడూ అంత సంఖ్య లేదు. కొత్తవి దొరకనివారు, కొనలేనివారు పాతవాటి వైపు మళ్ళారు. ఆ గిరాకీ మీద బతుకుతున్నదే ఈ తెల్లరంగు వ్యాపారం. ముప్పై ఏళ్ళ బండిని చవకగా కొనడం, నెలతిరగకుండా రంగు వేయడం, గోడలకు అతుకుడు పలకలు అంటించడం, 'ముందు', 'తరువాత' అంటూ రెండు ఫొటోలు చూపి హెచ్చు ధరకు అమ్మివేయడం. ఆ రెండు ఫొటోల నడుమ ఏమి జరిగిందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

అడగవలసింది నీటి గురించి. 1970, 80 దశకాలలో తయారైన చాలా ఇంటిబండ్లకు గోడ అంటే సన్నని కర్రచట్రం, దాని వెలుపల పలుచని అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ పలక. గాలిమరకో, పొగగొట్టానికో, ఏసీకో పైకప్పులో కోసిన ప్రతి రంధ్రం చుట్టూ ఒక అతుకు ఉంటుంది. ఆ అతుకును మూసిన లేపనం ఎండకు ఎండి, చలికి బిగుసుకుని, దారి కుదుపులకు పగులుతుంది. వెంట్రుకవాసి సందు చాలు, నీరు కర్రలోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కర్రను నానబెట్టి పిండి చేస్తుంది. బయటికి కనిపించే ఆనవాళ్ళు రెండు: కప్పు మూలన గోధుమరంగు మరక, గోడపలకలో చిన్న ఉబ్బు. తెల్లరంగు మొట్టమొదట మాపేది సరిగ్గా ఆ రెండింటినే.

ఒహాయోలో అటువంటి బండినొకదానిని చూడటానికి వెళ్ళాను. లోపలంతా పాలనురుగు. పడక పక్కన, కిటికీ కింద, బొటనవేలితో నొక్కితే గోడ లోపలికి పోయింది. "పాతబండి కదండీ, ఆమాత్రం ఉంటుంది" అన్న ధోరణిలో మాట్లాడాడు అమ్మకందారు. రేపు ఆ గోడ పక్కన పసిపిల్లలను పడుకోబెట్టుకునే తల్లిదండ్రుల గురించి అతనికి చింత లేదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత బహుశా ఈ వ్యాపారం కోసమే పుట్టి ఉంటుంది.

నిజమైన పనికి ఒక వరుస ఉంది. మొదట నీరు, పిదప నిప్పు, ఆపైన చక్రం. సౌందర్యం చిట్టచివరిది.

నీరంటే పైకప్పు. పాత లేపనాన్ని పూర్తిగా గీకివేయాలి. అతుకు కింద బ్యూటైల్ టేపు పరచి మళ్ళీ బిగించాలి. కుళ్ళిన కర్రను గట్టి కర్ర తగిలేదాకా కోసివేయాలి. పైపైన సిలికోన్ పూసి చేతులు దులుపుకునేవాడు, తరువాత వచ్చేవాడి లేపనం కూడా అంటుకోనివ్వని జిడ్డును మిగిల్చిపోతాడు.

నిప్పుకు దారులు రెండు. వంటకూ, గది వేడికీ వాడే ప్రొపేన్ వాయువు గాలికంటె బరువైనది. కారితే నేలమట్టాన పేరుకుంటుంది. కనుక దానిని పసిగట్టే పరికరం నేలకు దగ్గరగా ఉండాలి. దానికీ ఆయుష్షు ఉంటుంది కనుక గడువు తీరగానే మార్చాలి. రెండవది పెట్రోలు. నాటి రబ్బరు గొట్టాలు ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలును దృష్టిలో ఉంచుకుని చేసినవి కావు. అవి చివికి, పగిలి, మరుగుతున్న ఇంజను మీద కారితే బండి తగలబడటానికి నిమిషాలు చాలు.

ఇక చక్రం. టైరు పక్కన అచ్చుపోసిన సంకేతంలో చివరి నాలుగు అంకెలు 2314 అయితే, ఆ టైరు 2014వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని అర్థం. నిలిపి ఉంచిన బండికి టైరు గాడులు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదవుతూనే ఉంటుంది. గాడులను చూసి మురిసి కొన్నవాడికి అది జాతీయ రహదారి మీద బద్దలైననాడు తెలుస్తుంది. దానికితోడు అలంకారం పేరిట పింగాణీ పలకలు, రాతి వంటగట్లు! చట్రం ఎంత బరువు మోయగలదో చూసుకున్నవారెందరు? గాలన్ నీరే ఎనిమిది పౌండ్ల పైచిలుకు తూగుతుంది.

నా దగ్గర ఉన్నది 1976 నాటి జీఎంసీ, 26 అడుగులది. జనరల్ మోటార్స్ ఈ బండ్లను 1973 నుండి 1978 వరకు మాత్రమే, పదమూడు వేలకు కొంచెం తక్కువగా, తయారు చేసింది. ఓల్డ్స్‌మొబిల్ టొరొనాడో కారు నుండి తెచ్చిన 455 ఘనపుటంగుళాల ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. వెనక చక్రాలకు శక్తినందించే కడ్డీ అవసరం లేకపోవడం వల్ల నేల కిందికి దిగి ఉంటుంది. వెనక ఒక్కొక్క పక్క, ఒకదాని వెంట ఒకటిగా రెండేసి చక్రాలు. వాటికి గాలిసంచుల ఊతం. గోడల అస్థిపంజరం అల్యూమినియం. దీనితోపాటు పుట్టిన కర్రచట్రాల బండ్లెన్నో మట్టిలో కలిసినా ఇవి ఇంకా దారుల మీద కనిపిస్తున్నాయంటే ముఖ్యకారణం అదే.

దీనిలో నేను మార్పులు చేయలేదా? చాలా చేశాను. పెట్రోలు గొట్టాలన్నీ మార్చాను. పదహారున్నర అంగుళాల చక్రాలకు మంచి టైర్లు దొరకడం కష్టమై పదహారు అంగుళాల చక్రాలు వేశాను. బండి సమంగా నిలిస్తే తప్ప సరిగా పనిచేయని మంటఫ్రిజ్‌ను తీసి, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టాను. సీసపు బ్యాటరీల స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు పెట్టాను. అవి ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు గుంజి ఆల్టర్నేటర్‌ను మాడ్చకుండా నడుమ డీసీ-డీసీ ఛార్జర్‌ను అమర్చాను. తిరగమోత ఘాటు బయటికి పోవాలని పొయ్యి మీది గాలిమరను బలమైనదానితో మార్చాను. అమెరికా కార్ఖానాలో దానిని గీసినవాడు ఎండుమిరపకాయలను ఊహించి ఉండడు.

అయితే నాటి చెక్క అలమరలకు రంగు పూయలేదు. తీసిన చక్రాలు షెడ్డులో భద్రంగా ఉన్నాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ ఫ్యూజు దేనికో, ఏది ఏ సంవత్సరంలో మార్చానో పటం గీసి అలమర తలుపు లోపలివైపు అంటించాను. రేపు ఈ బండి చేతికి వచ్చినవారికి నా పని నచ్చకపోతే దానిని విప్పి వెనక్కి వెళ్ళే దారి ఉండాలి.

మరోవైపు మడి కట్టుకున్నవారున్నారు. కార్ఖానా బిగించిన మర ఒక్కటి మారినా మైలపడినట్టే వారికి. యాభై ఏళ్ళ రబ్బరు గొట్టాన్ని ప్రాణాల మీదికి తెచ్చుకుని కాపాడటం మూఢభక్తి. ఆ బండి తిరగడానికి పుట్టింది, పూజలందుకోవడానికి కాదు.

తెలుగు చదువుకున్నవారికి ఈ తగాదా కొత్తదా? సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత వాటిని పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. ప్రతిలోని దోషాన్ని దిద్దడం, దిద్దినచోట పాఠాంతరాన్ని చూపడం పరిష్కర్త ధర్మం. తన పద్యాన్ని చొప్పించి కవి పేరు తగిలించడం ప్రక్షిప్తం. గుడిగోడ మీది శాసనానికి సున్నం కొట్టించి, పక్కనే 'జీర్ణోద్ధరణ' అని తన పేరుతో పాలరాతి ఫలకం పెట్టించుకునే దాతను మనం తిట్టుకుంటాం. ఇంటిబండికి సున్నం కొట్టేవాడిని మాత్రం మెచ్చుకోవాలా?

ఈ సున్నానికి నీరు పోస్తున్నవారు మరికొందరున్నారు. అమెరికాలో అనేక ప్రైవేటు విడిదిమైదానాలు పదేళ్ళు దాటిన బండికి చోటివ్వవు. కొన్నిచోట్ల దయతలచి, ముందుగా ఫొటో పంపితే ఆలోచిస్తామంటారు. టైరు వయసు అడగరు, గ్యాసు పరికరం పనిచేస్తున్నదా అని అడగరు, ఫొటో అడుగుతారు! కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నదానిని చట్టంగా రాసుకుంటే ఇలాగే ఉంటుంది. ఫొటోకే విలువ కట్టే లోకంలో మనిషి గొట్టం మారుస్తాడా, రంగు వేస్తాడా?

"డబ్బున్నవారి మాటలు ఇవి, లేనివారికి రంగే గతి" అని ఒక ఆక్షేపణ ఉంది. ఆలోచించదగినదే. కానీ ఈ మోసంలో చిక్కేది ఎవరు? ఇంటి అద్దె కట్టలేక, ఉన్నదంతా ఊడ్చి పాతబండి కొని, దానిలోనే కాపురం పెట్టేవారు. కుళ్ళిన గోడ ధనవంతుడికి ఒక వేసవి నష్టం, వారికి నిలువనీడ. అతుకులు గీకడానికి, రబ్బరు గొట్టాలు మార్చడానికి ఓపిక ఎక్కువ, డబ్బు తక్కువ కావాలి. రంగు వద్దనడం లేదు, చివర వేయమంటున్నాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఇంటిబండిని బాగుచేసి చూడు అని దానికి చేర్చుకోవచ్చు. ఎవరైనా మిత్రులు పాతబండి కొనబోతుంటే మూలమూలనా బొటనవేలితో నొక్కండి, టైరు మీది నాలుగు అంకెలు చదవండి, బండి కిందికి దూరి గొట్టాలు చూడండి. ఆపైన గోడలు విప్పి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు చూపమని అమ్మకందారును అడగండి. చూపలేకపోతే ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.