చదును పాదం: శస్త్రచికిత్స ఎవరికి?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. చదును పాదాలతోనే వాటిని ఎక్కి వచ్చేవారు ఎందరో ఉన్నారు. నిలబడినప్పుడు అరికాలి వంపు మాయమై, మునివేళ్లపై లేవగానే తిరిగి కనబడితే దానిని ఫ్లెక్సిబుల్ ఫ్లాట్‌ఫుట్ అంటారు. నొప్పి లేనంతవరకు దానికి శస్త్రచికిత్స అనవసరం. పోలీసు ఎంపికల కోసం బాధలేని పాదాన్ని కోయించుకోవడం సమంజసం కాదని నా అభిప్రాయం. మడమ ఎముకను కోసి, లోపలికి జరిపి, స్క్రూతో బిగించే చికిత్స అది. సుమారు 6 వారాలు ఆ కాలు నేల మోపరాదు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చు.

అయితే నడివయసులో ఒక పాదం కొత్తగా చదునై, చీలమండ లోపలివైపు నొప్పి, వాపు కలిగి, ఆ ఒంటికాలి మునివేళ్లపై లేవలేకపోతే ఉపేక్షించరాదు. వంపును నిలిపే స్నాయువు దెబ్బతింటున్నదని దాని అర్థం. ముందుగా వంపునకు ఆధారమిచ్చే పాదరక్షలు, పిక్కల వ్యాయామం, బరువు తగ్గించుకోవడం. కొన్ని నెలలైనా గుణం కనబడకపోతే ఎముకల వైద్యుని సంప్రదించాలి. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఉన్నది. జాప్యం చేస్తే కీళ్లు బిగుసుకుపోతాయి; అప్పుడు వాటిని అతికించడమే మిగులుతుంది. మధుమేహులకు పాదం వాచి, వెచ్చబడి, ఆకారం మారితే, నొప్పి లేకున్నా వెంటనే చూపించుకోవాలి.

కత్తి పట్టవలసినది పాదం ఆకారాన్ని చూసి కాదు, అది పెట్టే బాధను చూసి.