ఇల్లూ – ఒళ్ళూ: వంటింటి అలమరలకు పిడి ముందా, రంగు ముందా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒంటి జబ్బుల తర్వాత ఎక్కువ భాగం ఇంటి జబ్బుల గురించేనని మేము ఇదివరకే మనవి చేశాము. ఈ నెల వంటింటి వంతు. మంచి బడి వున్న పేటలో కొత్త ఇల్లు అందుబాటులో వుండదు గనుక మనవాళ్ళు చాలామంది నలభై, యాభై, ఒక్కొక్కప్పుడు డెబ్భై ఏళ్ళనాటి ఇల్లు కొంటారు. ఇల్లు దిట్టంగానే వుంటుంది. వంటింట్లో అడుగు పెట్టేసరికి మాత్రం నీరసం వస్తుంది. ముదురు గోధుమరంగు ఓకు తలుపులు, కొన్నింటిమీద ఎవరెవరో ఎప్పుడెప్పుడో పూసిన నాలుగైదు పొరల రంగు, మధ్యలో ఊడిపోయిన పిడులు. కొత్త అలమరలు పెట్టించాలంటే కారు ఖరీదు అవుతుంది. వున్నవాటికే రంగు వేసి పిడులు మార్చుకుంటే కొన్ని వందల డాలర్లతో పోతుంది.

అందరూ ముందు రంగు ఎంచుకుని, పూసి, ఆరాక పిడుల కోసం దుకాణానికి పోతారు. మేము దీన్ని తిరగేసి చేయమంటాము. పాత సొరుగులకు పిడి మేకుల మధ్య దూరం సాధారణంగా మూడంగుళాలు. ఇప్పుడు నచ్చే పిడులు చాలావరకు 96 మిల్లీమీటర్లకో, 128 మిల్లీమీటర్లకో వస్తున్నాయి. అంటే పాత చిల్లులు పూడ్చాలి, కొత్తవి పొడవాలి. పూడ్చిన చోటు కనపడకుండా వుండాలంటే రంగుకు ముందే పూడ్చి, నున్నగా రుద్ది వుండాలి. రంగు వేశాక పిడి తెచ్చుకుంటే మూడంగుళాల పిడులతోనే కాపురం చెయ్యాలి.

రెండో కారణం వేళ్ళు. పిడి లేని తలుపును మనం అంచు పట్టుకుని లాగుతాము. వంట చేస్తున్న చేతికి నూనె, పసుపు, చింతపండు పులుసు, వీటన్నిటితోబాటు చెమట. ఏ పెయింటైనా ఆ అంచు దగ్గరే ముందు మెత్తబడి, జిడ్డోడి, ఊడుతుంది. చెయ్యి ఎక్కడ పడాలో నిర్ణయించేది పిడి. దాన్నిబట్టే రంగు ఎంత గట్టిదై వుండాలో తేలుతుంది.

పిడి ఆకారం గురించి వైద్యులుగా ఒక మాట. గుండ్రటి చిన్న నాబును రెండు వేళ్ళతో గిల్లి పట్టుకోవాలి. కీళ్ళవాతం వున్న అమ్మగారో, అత్తగారో ఆరు నెలలు వుండిపోదామని వచ్చినప్పుడు ఆ గిల్లుడే వారికి బాధ. నాలుగు వేళ్ళు వెనక దూర్చి లాగే వంపు పిడి అయితే మణికట్టుతోనే సొరుగు వచ్చేస్తుంది. కింది సొరుగులకు, బరువైనవాటికి తప్పకుండా ఇలాంటివే పెట్టండి. పైన అందం కోసం నాబులు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇక లోహం. మనకు ఇత్తడి మీద మమకారం సహజం. దీపపు కుందులు, తాంబాళం ఎలాగూ ఇంట్లో వున్నాయి. ఇక్కడ దుకాణాలలో ఇత్తడి పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి అసలు ఇత్తడి, పైన ఏ పూతా లేనిది. రెండోది ఇత్తడే గాని పైన కనపడని వార్నీషు వేసింది. మూడోది జింకు మిశ్రమం మీద ఇత్తడి రంగు పూత. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుము బయటపడుతుంది గాని జింకు బయటపడదు. మేకు దూరే చిల్లులో లోపల తొంగి చూడండి, తెల్లగా వుంటే పూతే. చింతపండుతో తోమే ఉద్దేశం వుంటే మొదటి రకమే కొనాలి. వార్నీషు వున్నదానికి చింతపండు ఎక్కదు, పూత వున్నదాన్ని పట్టుదలగా తోమితే కొన్నాళ్ళకు పూతే పోతుంది. పూత లేని ఇత్తడికి మరొక గుణం వుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2008లో రాగి, ఇత్తడి వంటి లోహాలను సూక్ష్మజీవులను చంపే ఉపరితలాలుగా నమోదు చేసింది. శుభ్రంగా వుంచిన ఇత్తడిమీద పడిన బాక్టీరియాలో 99.9 శాతం రెండు గంటలలో చస్తాయని ఆ నమోదు. వార్నీషు వేస్తే ఈ లాభం వుండదు. కోడిమాంసం తరిగిన చేత్తో సొరుగు లాగవచ్చునని మాత్రం దీనర్థం కాదు, రెండు గంటలసేపు ఎవరాగుతారు?

నికెల్ మెరుపు ఇష్టపడేవారు ఇంట్లో ఎవరికైనా చవక చెవిపోగులు పెట్టుకుంటే దురద వస్తుందేమో ఆలోచించుకోండి. తాకడంవల్ల వచ్చే చర్మవ్యాధులకు అన్నిటికంటే సామాన్యమైన కారణాలలో నికెల్ ఒకటి. క్రోమియం పిడులకు కూడా సాధారణంగా అడుగున నికెల్ పొర వుంటుంది, పైది అరిగితే అది బయటపడుతుంది. పిడి ఒక్క క్షణం పట్టుకుంటాము గనుక చాలామందికి ఏమీ కాదు. వేళ్ళమీద ఎగ్జిమాతో ఇప్పటికే బాధపడేవారు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుకో, ఇత్తడికో పోవడం మేలు.

పిడి తేలింది. ఇప్పుడు రంగుకంటే ముఖ్యం రంగు మెరుపు. డబ్బామీద మాట్, ఎగ్‌షెల్, శాటిన్, సెమీగ్లాస్, గ్లాస్ అని వ్రాసి వుంటుంది. వీటి మధ్య తేడా పెయింటులో రంగుపొడి ఎంత, దాన్ని పట్టివుంచే జిగురు ఎంత అన్నదే. పొడి ఎక్కువైతే ఉపరితలం గరుకై, వెలుగు చెదిరి, మెరుపు పోతుంది. ఆ గరుకులోనే తిరగమోత తుంపర దాక్కుంటుంది. జిగురు ఎక్కువైతే అద్దంలా మెరుస్తుంది, గుడ్డపెట్టి తుడిస్తే పోతుంది. కాని తలుపులో ఎక్కడెక్కడ సొట్ట వుందో, కుంచె గీత ఎక్కడ పడిందో అన్నీ చాటి చెబుతుంది. పత్రికలలో ఇప్పుడు మాట్ రంగుమీద మొరటు ఇత్తడి పిడి గొప్పగా చూపిస్తున్నారు. చూడముచ్చటగానే వుంటుంది. ఆ వంటింట్లో ఆవాలు చిటపటలాడినట్లు లేదు! మన ఇళ్ళకు శాటిన్ గాని, సెమీగ్లాస్ గాని తప్ప వేరు దారి లేదన్నది మా నిశ్చితాభిప్రాయం. పొయ్యి పక్క తలుపులకు సెమీగ్లాస్ ఇంకా మంచిది.

పిడితో పొత్తు కూడా ఇక్కడే చూసుకోవాలి. రెండూ తళతళలాడితే కళ్ళు చెదురుతాయి, రెండూ మందంగా వుంటే వంటిల్లు నిద్రపోతున్నట్లుంటుంది. సెమీగ్లాస్ రంగుకు మెరుపు తగ్గించిన నికెలో, నల్లటి ఇనుమో, నల్లబరిచిన కంచో నప్పుతుంది. శాటిన్ రంగుమీద మెరిసే ఇత్తడి నిలుస్తుంది. ఇత్తడికి మీగడ తెలుపు, ముదురాకుపచ్చ, ముదురు నీలం స్నేహితులు. నీలిచాయ తగిలిన తెలుపు పక్కన ఇత్తడి పచ్చకామెర్లు వచ్చినట్లు కనబడుతుంది, అక్కడ నికెల్, స్టీలు బాగుంటాయి. మన ఊళ్ళలో ఆకుపచ్చ ఎనామెల్ తలుపుకు నల్ల ఇనుప గడియ పెట్టిన వడ్రంగికి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. రంగు కాగితం ముక్కలు చూసి నిర్ణయించకండి. రెండడుగుల చెక్కకు రెండు పూతలు వేసి, కొన్న పిడి ఒకటి దానికి బిగించి, ఉదయం ఎండలోనూ, రాత్రి మీ బల్బు వెలుగులోనూ నాలుగు రోజులు చూడండి. దానిమీద ఓ చుక్క పసుపు నూనె పోసి మర్నాడు తుడిచి చూస్తే ఇంకా మంచిది. సబ్బో, సోడావంటి క్షారమో తగిలి ఆ మరక ఎర్రబడితే గాభరాపడవద్దు. హారతి పళ్ళెంలో పసుపునీళ్ళకు సున్నం కలిపితే ఎర్రనీళ్ళయినట్లే ఇదీను. మిగిలిన పసుపుచాయ ఎండ తగిలితే చాలావరకు వెలిసిపోతుంది.

తెల్లరంగు వేసుకునేవారు పాతకాలపు నూనె ఎనామెల్ జోలికి పోవద్దు. వెలుతురు తగలని చోట అది పసుపుబారుతుంది. నీళ్ళతో కలిపే ఎక్రిలిక్, యూరితేన్ ఎనామెల్‌లు ఇప్పుడు గట్టివే వస్తున్నాయి. కాని కింద పాత నూనెరంగు వుంటే అతుక్కునే ప్రైమరు లేనిదే ఇవి పొరలుగా లేస్తాయి. కిందున్నది ఏదో తెలుసుకోవడానికి సూది వేసే ముందు రాసే స్పిరిట్టూ, దూదీ చాలు. రుద్దితే రంగు దూదికి అంటితే అది నీటి పెయింటు, అంటకపోతే చాలావరకు నూనెదే.

ఇక్కడ ఆగండి. ఉప్పుకాగితం చేతబట్టే ముందు ఇల్లు ఎప్పుడు కట్టారో చూసుకోండి. ఈ దేశంలో ఇళ్ళ రంగులలో సీసం 1978లో నిషేధించారు. పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 1940కి ముందు కట్టిన ఇళ్ళలో 87 శాతం, 1940–1959 మధ్యవాటిలో 69 శాతం, 1960–1977 మధ్యవాటిలో 24 శాతం ఇళ్ళలో ఎక్కడో ఒకచోట సీసపు రంగు వుంది. గోడమీద కదలకుండా వున్నంతకాలం అది ఊరుకుంటుంది. అలమర తలుపు రోజుకు పదిసార్లు చట్రానికి రాసుకుంటుంది. మనం దాన్ని పొడిగా రుద్దితే ఇల్లంతా ధూళి. పాకే పిల్ల నేలమీద చెయ్యి పెట్టి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. మింగిన సీసాన్ని పసిపిల్లల పేగులు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము లోపించి రక్తహీనత వున్న పిల్లలలో మరీ ఎక్కువ, పాలూ అన్నమూ తప్ప ఇంకేమీ ముట్టని మన పిల్లలు ఎందరో వున్నారు. కడుపునొప్పి, వాంతులు వచ్చేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్లే. అంతకు ముందే చదువు, ఏకాగ్రత దెబ్బతింటాయి, అవి పూర్తిగా తిరిగి రావు. రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని 2021లో సి.డి.సి. హద్దు తగ్గించింది. అంతకంటే తక్కువైతే క్షేమమని ఎవరూ హామీ ఇవ్వలేదు.

కాబట్టి 1978కి ముందరి ఇల్లయితే అన్ని పొరలూ వచ్చేలా ఒక పెచ్చు తీసి ప్రయోగశాలకు పంపండి. సీసం వుందని తేలితే, డబ్బు తీసుకుని పనిచేసేవారికి సీసం విషయంలో శిక్షణ పొందిన ధ్రువపత్రం వుండాలని 2010 నుంచి నిబంధన వుంది, అడిగి చూడండి. మీ ఇంట్లో మీరే చేసుకుంటే ఆ నిబంధన వర్తించదు, అందుకే ఎక్కువ జాగ్రత్త. తడిపి రుద్దాలి, పొడిగా కాదు. మంటతో కాల్చి గీకకూడదు. ప్లాస్టిక్ పరచాలి, హెపా వడపోత వున్న వాక్యూముతో తియ్యాలి. పిల్లలూ గర్భిణులూ ఆ వారం వేరే ఇంట్లో వుండాలి. పిల్లలు ఆరేళ్ళలోపువారైతే రక్తపరీక్ష చేయించమని మీ పిల్లల డాక్టరును అడగండి, ఒక్క బొట్టుతో అయ్యే పని.

మిగిలినదంతా ఓపిక. రుద్దడానికి ముందు జిడ్డు కడగాలి, లేకపోతే ఉప్పుకాగితం నూనెను చెక్కలోకి తోస్తుంది. ఓకు చెక్కకు మరక బయటికి రానివ్వని షెల్లాక్ ప్రైమరు కావాలి, దాని రంధ్రాలు పూడ్చకపోతే సెమీగ్లాస్ కింద అన్నీ కనిపిస్తాయి. ఏ తలుపు ఎక్కడిదో బందు కింద నంబరు వేసుకోండి. పలచగా రెండు పూతలు వెయ్యండి. తాకితే అంటకపోవడానికి కొన్ని గంటలు చాలు, లోపలిదాకా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పిడులు బిగించవచ్చును గాని తలుపులు దబాలున వేయకూడదు, తడిగుడ్డ పెట్టకూడదు. దీపావళికి పదిమందిని భోజనానికి పిలిచే ఉద్దేశం వుంటే సెప్టెంబరులోనే కుంచె పట్టాలి.

వచ్చే నెల పొయ్యిమీది గాలిపంకా గురించి వ్రాస్తాము, పొగను బయటికి పంపేదీ, వడపోసి మళ్ళీ మన మొహానే వదిలేదీ.